రేంజ్‌ఫైండర్ కెమేరా కటకాలు: గుణమెంత, దోషమెంత?

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు నుండి నరసరావుపేట వైపు గాని, చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపు గాని పోయేవారికి రోడ్డుకు ఇరుపక్కలా రెండు దృశ్యాలు కనిపిస్తవి. ఒక పక్క నల్లరేగడి మీద ఆఖరి తీతకు వచ్చిన పత్తి చేలు, ఇంకొక పక్క కల్లాలలో ఎండబోసిన మిరపకాయలు. కంటికి ఇంపైన ఈ రెండు దృశ్యాలూ కెమేరా కటకానికి మాత్రం కఠినమైన పరీక్షలే. పత్తి చేలో మిక్కిలి తెల్లని వస్తువూ మిక్కిలి నల్లని వస్తువూ ఆనుకొని ఉంటవి. మిరప కల్లంలో నున్నని తొక్కల మీద సూర్యుడు వేలాది చిన్న చిన్న చుక్కలుగా మెరుస్తుంటాడు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు 2022 తరువాత పల్నాడు, బాపట్ల జిల్లాలుగా కూడా విడిపోయినవి గాని, ఎండ మాత్రం అంతటా ఒకటే. ప్రయోగశాల గోడకు తగిలించిన గీతల పటం చెప్పలేని సంగతులు కొన్ని ఈ పొలాలు చెప్పగలవు.

ఈ ప్రస్తావనకు కారణం లేకపోలేదు. అద్దం లేని డిజిటల్ కెమేరాలు వచ్చిన తరువాత, 1930 మొదలు 1960 వరకు తయారైన రేంజ్‌ఫైండర్ కటకాలకు మళ్ళీ గిరాకీ పుట్టింది. చిన్న లోహపు వలయం ఒకటి తగిలిస్తే ఆ పాత కటకాలు కొత్త కెమేరాలకు అమరుతవి. వాటితోపాటే ఒక కొత్త పరిభాష కూడా బయలుదేరింది. ఫలానా కటకానికి ‘జీవం’ ఉన్నదనీ, ఫలానాది వాడిగా ఉన్నా ‘నిర్జీవం’ అనీ, ఫలానాది బొమ్మను ‘వెలిగిస్తుంది’ అనీ అంటారు. మరొక వర్గం వారు ఈ మాటలన్నిటినీ తోసిపుచ్చి, మిల్లీమీటరుకు ఎన్ని గీతలు విడదీస్తుందో చెప్పండి చాలునంటారు. ఈ రెండు పక్షాలూ సగం సత్యమే చెబుతున్నవి. కటకానికి స్వభావం అనేది ఉన్న మాట నిజమే. అది మంత్రం కాదు. దానిని రూపొందించినవాడు ఏ దోషాన్ని దిద్ది, ఏ దోషాన్ని మిగిల్చాడో ఆ లెక్కే దాని స్వభావం. ఆ లెక్కను ఇంటర్మీడియట్ దృశ్యశాస్త్రంతోనే చాలావరకు అర్థం చేసుకోవచ్చు.

ముందుగా రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో రెండు మాటలు. ఈ కెమేరాలో ఫొటో తీసేవాడు కటకంలో నుండి చూడడు. పక్కన ఉన్న చిన్న కిటికీలో నుండి చూస్తాడు. కొంత ఎడంగా ఉన్న రెండో కిటికీ నుండి వచ్చే బొమ్మ ఒక చిన్న అద్దం ద్వారా మొదటి బొమ్మ మీద పడుతుంది. కటకాన్ని తిప్పుతుంటే ఆ అద్దం కూడా కదులుతుంది. రెండు బొమ్మలూ ఒకటైనప్పుడు దూరం కుదిరినట్లు. సర్వేయరు భూమి మీద త్రిభుజం గీచి దూరం కట్టే పద్ధతే ఇది. 1954 నాటి లైకా ఎం3 కెమేరాలో ఈ త్రిభుజానికి భూమి సుమారు 69 మిల్లీమీటర్లు మాత్రమే. కటకంలో నుండి చూడకపోవడమనే ఈ ఒక్క సంగతి కటకాల తగవులో పెద్ద పాత్ర వహిస్తుంది. దానిని తరువాత చూడవచ్చు.

లైకా కెమేరా 1925లో అమ్మకానికి వచ్చింది. దానికి మాక్స్ బెరెక్ రూపొందించిన 50 మి.మీ. నాభ్యంతరం గల ఎఫ్/3.5 కటకం అమర్చారు. కొద్ది కాలంలోనే అది నాలుగు గాజు బిళ్ళల ‘ఎల్మార్’ అయింది. కెమేరాలోనే దూరమాపకం గల లైకా 1932లో వచ్చింది. అదే సంవత్సరం సైస్ సంస్థ పోటీగా కాంటాక్స్‌ను తెచ్చింది. దానికి లుడ్విగ్ బెర్టెలె ‘సొనార్’ కటకాలను కట్టాడు. ఎఫ్/2 సొనార్‌లో ఆరు బిళ్ళలు, ఎఫ్/1.5 సొనార్‌లో ఏడు బిళ్ళలు. 1933లో లైకాకు జవాబుగా ‘సుమ్మార్’ ఎఫ్/2 వచ్చింది. అందులో కూడా ఆరు బిళ్ళలే. బిళ్ళల సంఖ్య ఒకటే, ద్వారం ఒకటే, నాభ్యంతరమూ ఒకటే. అయినా పత్తి చేలో ఈ రెంటి బొమ్మలు ఒకటిగా ఉండవు. కారణం బిళ్ళల సంఖ్యలో లేదు. గాలి తగిలే తలాల సంఖ్యలో ఉన్నది.

కాంతి గాలిలో నుండి గాజులోకి గాని, గాజులో నుండి గాలిలోకి గాని పోయేటప్పుడు కొంత భాగం వెనక్కి పరావర్తనం చెందుతుంది. కటకాలలో వాడే బరువైన గాజులకు ఇది తలం ఒక్కింటికి సుమారు నూటికి 5 పాళ్ళు అనుకోవచ్చు. రెండు బిళ్ళలను కెనడా బాల్సమ్ జిగురుతో అతికిస్తే, ఆ అతుకు దగ్గర పరావర్తనం దాదాపు లేనట్లే. బెర్టెలె తన బిళ్ళలను మూడే కట్టలుగా అతికించాడు. అందుచేత సొనార్‌లో గాలి తగిలే తలాలు ఆరు. సుమ్మార్‌లో కట్టలు నాలుగు, తలాలు ఎనిమిది. లెక్క కడితే సొనార్‌లో నూటికి 73, సుమ్మార్‌లో 66 పాళ్ళ కాంతి లోపలికి చేరుతుంది. ఈ తేడా పెద్దది కాదు. ఒక క్షణభాగం ఎక్కువ సేపు తెరిచి ఉంచితే సరిపోతుంది.

అసలు చిక్కు పోయిన కాంతితో కాదు, తిరిగి వచ్చిన కాంతితో. ఒక తలం మీద వెనక్కి మళ్ళి, ఇంకొక తలం మీద తిరిగి ముందుకు మళ్ళిన కాంతి ఫిల్ము వైపే పోతుంది. అయితే అది బొమ్మగా కాక, పలచని వెలుగు పొరగా అంతటా పరచుకొంటుంది. ఇట్టి తలాల జతలు ఎన్ని? ఆరు తలాలకు 15, ఎనిమిదింటికి 28, పన్నెండింటికి 66. ఒక్కొక్క జత పంపేది 5లో నూటికి 5, అంటే నూటికి పాతిక పైసల వంతు. ఇదంతా ఫిల్మును చేరుతుందని అనుకొంటే సొనార్‌లో వెలుగు పొర నూటికి 3.75, సుమ్మార్‌లో 7, పన్నెండు తలాల కటకంలో 16కు మించుతుంది.

ఇప్పుడు పత్తి చేలోకి పోవచ్చు. విచ్చిన పత్తి తనపై పడిన కాంతిలో నూటికి 70 పాళ్ళు తిప్పి పంపుతుందనీ, తడి ఆరని నల్లరేగడి 7 పాళ్ళు పంపుతుందనీ అనుకొందాం. నిష్పత్తి పదికి ఒకటి. చట్రంలో ఎక్కువ భాగం పత్తే ఉండి సగటు వెలుగు 50 అయినప్పుడు, సుమ్మార్ వెలుగు పొర 3.5 అవుతుంది. తెలుపు 73.5, నలుపు 10.5. నిష్పత్తి ఏడుకు పడిపోయింది. సొనార్‌లో అది ఎనిమిది దగ్గర నిలుస్తుంది. పొర తెలుపుకు చేసే అపకారం లేదు. అది నలుపును కడిగివేస్తుంది. మొక్కల నీడలో ఉన్న మట్టి పెళ్ళలు, తీతకు వంగిన కూలీ ముఖం మీద నీడ, తల మీది గుడ్డ మడతలు, ఇవన్నీ బూడిద రంగుకు తిరుగుతవి. పాత సుమ్మార్ బొమ్మలను చూసి ‘మృదువుగా ఉన్నది’ అని మెచ్చుకొనేవారు చాలా సందర్భాలలో మెచ్చుకొంటున్నది ఈ వెలుగు పొరనే.

ఈ తలాల లెక్క కటకాల చరిత్రను మలుపు తిప్పిన తీరు ఆసక్తికరమైనది. సైస్‌లో పాల్ రుడాల్ఫ్ 1896లోనే ‘ప్లానార్’ అనే కటకాన్ని కట్టాడు. దాని రూపకల్పన ఉత్తమమైనది. అయితే ఎనిమిది తలాల వెలుగు పొర వల్ల అది చాలా కాలం వెనకబడిపోయింది. 1902లో ఆయనే కట్టిన నాలుగు బిళ్ళల ‘టెస్సార్’ లోకమంతా పాకింది. ఎల్మార్ దాని వరసలోనిదే. ఇంతలో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ ఒక వింత కనిపెట్టాడు. ఏళ్ళ తరబడి వాడి చిలుము పట్టిన దూరదర్శిని కటకం కొత్తదానికంటే ఎక్కువ కాంతిని లోనికి పంపుతున్నది! గాజు మీద ఏర్పడిన ఆ పలచని పొరే పరావర్తనాన్ని తగ్గిస్తున్నది. చిలుమును మందులతో తెప్పించే యత్నాలు నిలకడగా సాగలేదు. 1935లో సైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా శూన్యంలో ఆవిరి చేసి పొరను పూత పెట్టే పద్ధతి రూపొందించాడు. తరువాత వాడుకలోకి వచ్చిన మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు. అది కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు. పొర పైతలం నుండీ అడుగుతలం నుండీ వెనుదిరిగే తరంగాలు ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకొంటవి.

పూతతో పరావర్తనం నూటికి ఒకటిన్నరకు దిగిందనుకొంటే, జత ఒక్కింటికి కలిగే దెబ్బ పది వంతులకు పైగా తగ్గుతుంది. పన్నెండు తలాల కటకంలో కూడా వెలుగు పొర నూటికి 1.5 మాత్రమే. పూతలేని సొనార్ కంటే ఇది తక్కువ! అంటే 1932లో బెర్టెలె ఎంతో నేర్పుతో అతుకులు పెట్టి తప్పించుకొన్న బాధ, ఇరవై ఏళ్ళకు పూత వల్ల దానంతట అదే తీరింది. అప్పటి నుండి రూపకర్తలకు గాలి ఖాళీలు భయపెట్టే వస్తువులు కావు. అవి ఆయుధాలైనవి. 1953లో లైట్స్ సంస్థ తెచ్చిన ‘సుమ్మిక్రాన్’ ఎఫ్/2లో ఏడు బిళ్ళలు ఆరు కట్టలుగా, పన్నెండు తలాలతో ఉన్నవి. ఇరవై ఏళ్ళ క్రితం అట్టి కటకాన్ని ఎవరైనా కట్టి ఉంటే పత్తి చేలో పొగమంచు కమ్మినట్లుండేది. సుమ్మిక్రాన్ గొప్పతనాన్ని కేవలం లైట్స్ వారి పనితనానికి కట్టిపెట్టేవారు ఈ పూత సంగతి మరచిపోతారు. సొనార్ వెనకబడిందని తీసివేసేవారు అది ఏ కష్టానికి జవాబుగా పుట్టిందో మరచిపోతారు.

తలాలను లెక్కించడం బడిలో చేయదగిన ప్రయోగం. చీకటి గదిలో ఒక కొవ్వొత్తిని కటకం ముందు, కొంచెం పక్కగా పట్టుకొని కటకంలోకి చూస్తే, ప్రతి తలమూ ఒక చిన్న మంటను చూపిస్తుంది. కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా ఉంటవి. గాలి తగిలే తలాల మంటలు ప్రకాశంగానూ, అతుకుల మంటలు మిణుకుమిణుకుమంటూనూ కనిపిస్తవి. పూత ఉన్న తలాల మంటలకు ఊదారంగో, పసుపు వన్నెయో ఉంటుంది. ఏ కెమేరా కటకమైనా సరే, ఎనిమిదవ తరగతి విద్యార్థి దాని నిర్మాణాన్ని విప్పకుండానే ఊహించవచ్చు.

ఇక మిరప కల్లం. ఇక్కడి పరీక్ష వేరు. ఎండిన తేజ రకం కాయల నున్నని తొక్క మీద సూర్యుని ప్రతిబింబం చిన్న చుక్కగా కనిపిస్తుంది. ఒక కల్లంలో ఇట్టి చుక్కలు లెక్కకు మించి ఉంటవి. గీతల పటం కంటే చుక్క కఠినమైన పరీక్ష. ఎందుకంటే మంచి కటకం చుక్కను చుక్కగా ఉంచాలి. గోళాకార తలాలున్న కటకం అంచుల గుండా పోయిన కిరణాలు, నడుమ గుండా పోయిన కిరణాలు ఒకే చోట కలియవు. ఇది గోళీయ విపథనం. దీనిని పూర్తిగా దిద్దకుండా ఎఫ్/1.5 వరకు ద్వారం తెరిస్తే, ప్రతి మెరుపు చుక్క నడుమ వాడిగా ఉండి, చుట్టూ పలచని గుడి కడుతుంది. వాన రాబోయే ముందు చంద్రుని చుట్టూ గుడి కట్టినట్లు. ఎఫ్/1.5 సొనార్ పూర్తి ద్వారంలో ‘బొమ్మను వెలిగిస్తుంది’ అనే మాటకు అర్థం ఇదే.

పత్తి చేలో నలుపు కడిగివేసిన వెలుగు పొర వేరు, మిరప కల్లంలో మెరుపుకు కట్టిన గుడి వేరు. మొదటిది పరావర్తనం వల్ల వచ్చేది. ద్వారం ఎంత చిన్నది చేసినా అంతగా పోదు. పూత పెడితే పోతుంది. రెండవది వక్రీభవనం వల్ల వచ్చేది. పూతకు లొంగదు. ద్వారం రెండు అంచెలు చిన్నది చేస్తే మాయమవుతుంది. ఈ రెండింటినీ కలిపి ‘మెత్తదనం’ అనే ఒక్క మాటతో చెప్పే సమీక్షలు ఎన్ని చదివినా పాఠకునికి ఒరిగేదేమీ ఉండదు.

ఇప్పుడు రేంజ్‌ఫైండర్ సంగతికి తిరిగి రావాలి. గోళీయ విపథనం మిగిలిన కటకంలో ద్వారాన్ని చిన్నది చేస్తే అంచు కిరణాలు తొలగిపోతవి. మిగిలిన నడిమి కిరణాలు కొంచెం వెనకగా కలుస్తవి. అంటే మిక్కిలి వాడిగా కనిపించే స్థానమే జరుగుతుంది. కటకంలో నుండి చూసే కెమేరాలో అయితే ఈ జరుగుబాటు కంటికి తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్‌కు తెలియదు. దానికి తెలిసింది ఒక్క లోహపు మెట్టు కదలిక మాత్రమే. ఏదో ఒక ద్వారానికి ఆ మెట్టును సరిపెట్టి పంపుతారు. తక్కిన ద్వారాల వద్ద రెండు బొమ్మలు చక్కగా ఒకటైనా, ఫిల్ము మీద వాడి మరొక చోట పడుతుంది. సొనార్ ఎఫ్/1.5 ఈ విషయంలో పేరు మోసినది. ఈ శతాబ్దంలో సైస్ వారు తిరిగి తెచ్చిన ‘సి-సొనార్’ కూడా ఆ గుణాన్ని వదలలేదు.

ఇది ఎంతటి దోషం? 50 మి.మీ. కటకాన్ని ఎఫ్/1.5 వద్ద మీటరు దూరానికి సరిపెడితే, మిల్లీమీటరులో 30వ వంతు మసకను ఓర్చుకొన్నా, వాడిగా ఉండే లోతు మొత్తం మీద నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. దోసిట పట్టిన మిరపకాయల కుప్ప లోతు దానికి రెట్టింపు ఉంటుంది. అట్టి చోట రెండు మూడు సెంటీమీటర్ల జరుగుబాటు బొమ్మను పాడుచేస్తుంది. పది మీటర్ల దూరాన ఉన్న కల్లానికి అది లెక్కలోనిది కాదు. బెర్టెలె గాని సైస్ గాని తప్పు చేశారనడానికి వీలులేదు. తక్కువ తలాలతో పెద్ద ద్వారం కావాలంటే చెల్లించవలసిన వెల అది. పూతలేని 1932లో ఆ వెల చెల్లించడం తెలివైన పనే. పూత ఉన్న కాలంలో అదే వెల చెల్లించడం అభిరుచి మాత్రమే.

మెట్టు కొలతల తగవు మరొకటి ఉన్నది. యుద్ధానంతరం జపానులో నికాన్ సంస్థ తన రేంజ్‌ఫైండర్ కెమేరాకు కాంటాక్స్ పిడి వంటి పిడినే పెట్టింది. కాని మెట్టు లెక్కకు ఆధారమైన నాభ్యంతరం వేరు. కాంటాక్స్ వారిది 52.4 మి.మీ., నికాన్ వారిది 51.6 మి.మీ. కటకం కెమేరాకు చక్కగా పడుతుంది, దూరం మాత్రం సరిపడదు. కురచ నాభ్యంతరం గల కటకాలలో ఈ తేడా మరుగుపడుతుంది. పొడుగు కటకాలలో బయటపడుతుంది. కటకం మీద నెపం వేయడానికి ముందు, దానిని ఏ కెమేరాకు తగిలించి చూశారని అడగడం న్యాయం.

ఈ సందర్భంలోనే 1950 నాటి పోలిక ఒకటి చెప్పుకోవాలి. ‘లైఫ్’ పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ కటకాలను చూసి మెచ్చి, వాటిని తన లైకా కెమేరాలకు తగిలించి కొరియా యుద్ధంలో వాడాడు. జర్మన్ కటకాలను జపాన్ కటకాలు మించినవని లోకమంతా చెప్పుకొన్నది. నిజానికి ఆనాటి నిక్కోర్ 50 మి.మీ. ఎఫ్/1.4 గాని, 85 మి.మీ. ఎఫ్/2 గాని సొనార్ వంశంలోనివే. జర్మన్ రూపకల్పనను కొత్త పూతతో, ఒక్కొక్క కటకాన్నీ జాగ్రత్తగా పరీక్షించి పంపిన ఫలితం అది. దేశాల పేర్లతో కటకాలను పోల్చడం పత్రికల వార్తకు అందం తెస్తుంది గాని, దృశ్యశాస్త్రానికి పనికిరాదు.

పత్తి చేను మరొక సంగతి కూడా చెబుతుంది. ముందు నిలిచిన మనిషి మీద దూరం సరిపెట్టి, వెనక చేను మసకపడేట్లు తీస్తే, ఆకుపచ్చని నేపథ్యం మీద ఒక్కొక్క విచ్చిన కాయ ఒక్కొక్క తెల్లని బిళ్ళగా విస్తరిస్తుంది. ఆ బిళ్ళల అంచులను పరీక్షించాలి. గోళీయ విపథనాన్ని కొంత మిగిల్చిన కటకంలో వెనకటి బిళ్ళలు నడుమ ప్రకాశంగా ఉండి, అంచులకు కరిగిపోతవి. అవసరానికి మించి దిద్దిన కటకంలో బిళ్ళ అంచుకు వెలుగు గాజు గీచినట్లుంటుంది. కొమ్మలు రెండేసి గీతలుగా చీలి కనిపిస్తవి. వేలాది కాయలున్న చేలో ఈ వలయాలు ఒకదాని మీద ఒకటి పడి, ముందున్న మనిషి మీద చూపు నిలవనీయవు. గీతల పటం మీద ఓడిన సొనార్, ఇటువంటి చిత్రంలో పటం మీద గెలిచిన ప్లానార్ జాతి కటకాలు కొన్నింటి కంటే ఎందుకు ఇంపుగా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది. ఇది కూడా మంత్రం కాదు. అంచు కిరణాలు ఎక్కడ పడుతున్నవనే లెక్క. అయితే మనిషి వెనక గాక ముందు ఉన్న కాయలు మసకపడినప్పుడు ఫలితం సరిగా తారుమారవుతుంది. సొనార్ భక్తులు ఈ రెండో సగాన్ని సామాన్యంగా చెప్పరు.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక చాలును. మిరప ఎరుపు 600 నానోమీటర్లకు పైబడిన కాంతి. ఎరుపును గ్రహించని పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము మీద మేలు కాయ దాదాపు నలుపుగా, పాలిపోయిన తాలు కాయ తెలుపుగా వస్తుంది. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము మీద రెండూ దగ్గర దగ్గర బూడిద వన్నెలే. మార్కెట్ యార్డులో ఇంత ధర తేడా ఉన్న రెండు సరుకులను ఒక ఫిల్ము కలిపేస్తుంది, ఒక ఫిల్ము విడదీస్తుంది. ఆ తేడాను కటకానికి అంటగట్టిన పోలికలు లేకపోలేదు.

ఇంతకూ ఎవరికి ఏ కటకం? ఫాల్గుణ మధ్యాహ్నపు ఎండలో 100 వేగం గల ఫిల్ముకు ఎఫ్/16 ద్వారం, సెకండులో 125వ వంతు చాలును. ఎఫ్/8 అయితే 500వ వంతు. ఎఫ్/8 వద్ద ఎల్మార్, సొనార్, సుమ్మిక్రాన్ మూడింటి గోళీయ విపథనాలూ అణగిపోతవి. బొమ్మ నడిమి భాగంలో ఏది దేనితో తీశారో చెప్పడం నిపుణులకు కూడా కష్టమే. ఇంకా చిన్న ద్వారానికి పోతే వివర్తనం అందరినీ సమానం చేస్తుంది. ఎఫ్/8 వద్ద చుక్క వ్యాసం 0.011 మి.మీ. ఉంటే, ఎఫ్/22 వద్ద 0.03 మి.మీ. అవుతుంది. అందుచేత పొలంలో పని ఉన్నవానికి ఎఫ్/1.5 కోసం పదింతల వెల పెట్టడం వృథా. పూత గల చిన్న ఎల్మార్ గాని, టెస్సార్ జాతి మరొక కటకం గాని చాలును. పెద్ద ద్వారం అక్కరకు వచ్చే చోట్లు వేరే ఉన్నవి: దూది రేణువులు తేలాడే జిన్నింగ్ మిల్లు లోపల, తెల్లవారక ముందే టిక్కీలు దించే యార్డు షెడ్ల కింద. అక్కడ దీపాలు చట్రంలోనే ఉంటవి. వాటి వెలుగు పొరను, గుడిని రెండింటినీ ఓర్చుకోగలిగినది కావాలి. ఆ పనికి సుమ్మిక్రాన్‌దే పైచేయి అనడంలో సందేహం అక్కరలేదు.

విశాల దృష్టి కటకాలలో రేంజ్‌ఫైండర్‌కు సహజమైన మేలు ఒకటున్నది. లోపల లేచిపడే అద్దం లేదు గనుక, కటకం వెనక భాగం ఫిల్ము దగ్గరకు చొచ్చుకొని పోవచ్చు. 1954లో బెర్టెలె కట్టిన 21 మి.మీ. ‘బియోగాన్’ ముందు వెనకలు దాదాపు సమరూపంగా ఉన్నందున, సరళరేఖలను సరళంగానే ఉంచుతుంది. కొండవీడు కొండల వరుస దాటితే దిగంతం గీచిన గీతలా ఉండే ఈ మైదానంలో ఆ గుణం వెంటనే కంటపడుతుంది. అయితే ఇప్పటి డిజిటల్ కెమేరాలలో చాలావాటికి గ్రాహకం ముందు గాజు పలక ఉంటుంది. బియోగాన్ మూలలకు పంపే ఏటవాలు కిరణాలు ఆ పలకలో పక్కకు జరిగి మూలలు చెదురుతవి. ఫిల్ము మీద మంచి పేరు తెచ్చుకొన్న కటకం డిజిటల్ కెమేరాలో చెడ్డపేరు పొందుతున్నది. ఆ నేరం కటకానిది కాదు.

పాత కటకాల పోలికలో అందరూ దాటవేసే చిక్కు వయస్సు. సుమ్మార్ ముందు బిళ్ళ గాజు మెత్తనిది. పై పంచె అంచుతో తుడిచినా గీతలు పడుతవి. మిరప ధూళి అంటిన గుడ్డతో తుడిస్తే చెప్పనక్కరలేదు. వానాకాలపు చెమ్మకు లోపల బూజు తీగలు పాకుతవి. వేసవికి కందెన నూనె ఆవిరై బిళ్ళల మీద పేరుకొంటుంది. అతుకుల బాల్సమ్ విడిపోతుంది. యుద్ధానంతరం సైస్ నుండి తరలించిన రూపకల్పనలతో సోవియట్ దేశంలో తయారైన జూపిటర్-8, జూపిటర్-3 కటకాలు సొనార్ సంతానమే. వెల తక్కువ. కాని పలువురి చేతులు మారి, విప్పి మళ్ళీ బిగించినవి ఎక్కువ. రెండు జూపిటర్-3లు ఒకదానికొకటి పోలకపోవచ్చు. ఒక్క నమూనాను చూసి కటక జాతి మొత్తానికి తీర్పు చెప్పడం, ఒక్క టిక్కీ విప్పి చూసి యార్డులోని సరుకంతటికీ ధర కట్టడం వంటిది.

సొంతంగా తేల్చుకోదలచిన ఉపాధ్యాయులకు ఖర్చులేని పద్ధతి ఉన్నది. బల్ల మీద మీటరు కొలబద్దను కెమేరాకు ఏటవాలుగా పడుకోబెట్టి, సెంటీమీటరుకు ఒక ఎండు మిరపకాయ చొప్పున వరుసగా పేర్చాలి. ఎండ పక్క నుండి పడాలి. నడిమి కాయకు తెల్లదారం కట్టి, కెమేరాను ముక్కాలి మీద నిలిపి, మీటరు దూరాన దూరమాపకంతో ఆ కాయకే సరిపెట్టి, మధ్యలో కటకాన్ని కదపకుండా ఎఫ్/1.5 లేదా ఎఫ్/2 నుండి ఎఫ్/8 వరకు ఒక్కొక్క ద్వారానికి ఒక్కొక్క చిత్రం తీయాలి. ఏ చిత్రంలో ఏ కాయ మీది మెరుపు చుక్క అన్నిటికంటే చిన్నగా, గుడి లేకుండా ఉన్నదో రాసుకోవాలి. దారం కట్టిన కాయే అన్ని చిత్రాలలోనూ గెలిస్తే ఆ కటకానికి జరుగుబాటు లేదు. మొదటి చిత్రం నుండే వేరొక కాయ గెలిచి, అన్నిటిలోనూ అదే నిలిచి ఉంటే తప్పు కెమేరా మెట్టుది. ద్వారం చిన్నదవుతున్న కొద్దీ గెలిచే కాయ ఒక్కొక్కటిగా వెనక్కి పోతుంటే, అది సొనార్ వంశపు కటకం కావచ్చు. ఎన్ని కాయలు వెనక్కి పోయినదో ఆ సంఖ్యను కటకం డబ్బా మూత మీద రాసి ఉంచుకొంటే, తరువాత చిత్రాలు తీసేటప్పుడు అంతమేరకు ముందుగానే సవరించుకోవచ్చు.